విత్తనం మోసుకొచ్చే గుర్తులు: బేగంబజారు దినుసులలో ఒక శాస్త్ర చరిత్ర

మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, నయాపూల్ దాటిన తరువాత కొద్ది దూరంలో ఉన్న బేగంబజారు నిజాం అలీఖాన్ కాలం నాటిది. ఆయన బేగం వర్తకుల కిచ్చిన స్థలంలో వెలసినందువల్ల ఆ పేరు వచ్చినదని చెబుతారు. మిరపకాయలు, పసుపు, ధనియాలు, ఎండుపండ్లు, ఇత్తడి సామాను, నూనె డబ్బాలు అక్కడినుండి టోకున నాలుగు వైపులకూ పోతూ ఉంటాయి. ఆ ఇరుకు వీధులలో హమాలీలు మోసే బస్తాలలో బటానీలు, మక్కజొన్నలు, అవిసెలు, ఆవాలు ఉంటాయి. డబ్బాలలో పత్తిగింజల నూనె, పామాయిలు ఉంటాయి. జీవశాస్త్రం చదివేవారికి ఈ ఆరు సరుకులలోనూ ఒక విశేషమున్నది. నూరేళ్ళకు పైబడి సాగిన ఒక వివాదంలో ఈ ఆరు మొక్కలుగాని, వాటి దగ్గరి చుట్టాలుగాని సాక్ష్యం చెప్పినవే.

ఆ వివాద మేమనగా: తల్లి మొక్క తన సంతానానికి ఇచ్చేది జన్యువులను మాత్రమేనా? లేక ఆ జన్యువులలో ఏది చదవాలో, ఏది చదవకుండా విడిచిపెట్టాలో తెలిపే గుర్తులను కూడ ఇస్తుందా?

మన పూర్వులు తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించేవారు. ఒక గ్రంథంలో ఎవరో కొన్ని పంక్తుల ప్రక్కన ఎర్రచుక్కలు పెట్టి, చుక్కలున్న పంక్తులు చదవవద్దని ఏర్పాటు చేసినారనుకుందాం. లేఖకుడు అక్షరాలను మాత్రమే ఎక్కించుకొని చుక్కలను విడిచిపెడితే, క్రొత్త ప్రతి చదివేవాడు అన్ని పంక్తులనూ చదువుతాడు. లేఖకుడు చుక్కలను కూడ ఎక్కించినట్లయితే, ఒక్క అక్షరమైనా మారకుండానే, తరువాతి ప్రతులన్నింటిలోను ఆ పంక్తులు మూగవై ఉంటాయి. జీవకణంలో అక్షరాలు డి.ఎన్.ఎ.లోని నాలుగు క్షారాలు. చుక్కలవంటివి వేరే ఉన్నాయి. ఆ చుక్కలను గూర్చిన శాస్త్రానికే ఎపిజెనెటిక్స్ అని పేరు. గ్రీకు భాషలో ‘ఎపి’ అనగా ‘పైన’ అని అర్థం. ఈ మాటను 1942లో వాడుకలోకి తెచ్చినవారు వాడింగ్టన్ అనే ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు. ఆయన ఉద్దేశించినది పిండం పెరుగుదలను గూర్చి. అర్థం తరువాత మారినది.

మొదట బటానీలు. మెండెల్ 1865లో బ్రన్ నగరంలో తన బటాని ప్రయోగాలను చదివి వినిపించి, మరుసటి సంవత్సరం అచ్చువేయించినారు. పొడుగు మొక్కకు పొట్టి మొక్కకు సంకరం చేస్తే మొదటి తరంలో పొట్టితనం మరుగుపడుతుంది. రెండవ తరంలో నాలుగింట ఒకటిగా చెక్కుచెదరకుండా తిరిగి బయటపడుతుంది. ఇది మన హైస్కూలు పిల్లలకు కంఠస్థమే. ఇందులోని ముఖ్య విషయం లెక్క కాదు. ఒక తరమంతా కలిసి కాపురం చేసినా, రెండు జన్యువులు ఒకదాని నొకటి మైలపరచుకోలేదన్నదే ముఖ్యం.

ఈ నియమానికి మొదటి చిక్కు బటానీలలోనే వచ్చినది. మంచి రకాల బటాని చేలల్లో అప్పుడప్పుడు సన్నని ఆకులు, వంకర కాయలు గల మొక్కలు కనిపించేవి. ఇటువంటి తేడా మొక్కలను మన విత్తన రైతులు కేళీలంటారు. ఇంగ్లండులో విత్తన వ్యాపారులు ‘రోగ్’ అనేవారు. విలియం బేట్‌సన్, కరోలిన్ పెల్యూ అనే ఇద్దరు వీటిని పరిశీలించి 1915లో ఫలితాలు ప్రకటించినారు. జెనెటిక్స్ అనే పేరు 1905లో పెట్టినవారే ఈ బేట్‌సన్; మెండెల్‌కు ఆయనకంటె గట్టి సమర్థకుడు ఆ రోజులలో లేడు. అటువంటివానికే ఈ మొక్కలు తలనొప్పి తెచ్చినవి. మంచి మొక్కను కేళీతో సంకరం చేస్తే, పుట్టిన పిల్ల మొదట కొంచెం మంచి మొక్కలాగే ఉండి, పెరిగేకొద్దీ కేళీగా మారిపోయేది. దాని విత్తనాలు వేస్తే అన్నీ కేళీలే. మంచి గుణం నాలుగింట ఒకటిగా తిరిగి రావలసినది, రాలేదు. ఒక్క తరం సహవాసంతో మంచి జన్యువు చెడిపోయి, చెడిపోయినదిగానే వంశంలో నిలిచినది. కారణం చెప్పేందుకు ఆనాడు ఎవరికీ ఆధారం లేకపోయినది.

మక్కజొన్న విషయంలో కొంత నిదానంగా చెప్పుకోవాలి. ఈ చరిత్రకు నడుమ స్తంభం అదే. కోస్తా జిల్లాలవారు మొక్కజొన్న అంటారు. మనం తినే గింజ సాధారణంగా పసుపు రంగుదో తెల్లదో. అమెరికా ఖండంలో ఊదా, నలుపు, చుక్కల గింజలుగల రకాలు అనేకమున్నాయి. గింజ పైపొరలలో ఊదారంగును పుట్టించే జన్యువులలో ఒకదానికి ఆర్ అని పేరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాయల్ అలెగ్జాండర్ బ్రింక్ అనే ఆచార్యుడు ఈ జన్యువుకు గల రెండు రూపాలను తీసుకొన్నారు. ఒకటి దట్టమైన రంగునిచ్చేది, రెండవది గింజపై చుక్కలనిచ్చేది. రెండింటిని ఒకే మొక్కలో కలిపి, తరువాతి తరంలో మళ్ళీ విడదీసి, రంగులేని మొక్కపై సంకరం చేసి చూచినారు. మెండెల్ నియమం ప్రకారం దట్టపురంగు జన్యువు తన రంగుతోనే బయటపడాలి. కాని బయటపడినది వెలిసిపోయిన రంగు.

ఇది ఏ లక్షకో ఒకటిగా వచ్చే ఉత్పరివర్తనమైతే ఎవరూ ఆశ్చర్యపడరు. బ్రింక్‌గారి మొక్కలలో ఇది ప్రతిసారీ, తప్పకుండా, ఒకే దిక్కుగా జరిగినది. పైగా ఆ వెలిసిన జన్యువును చుక్కల జన్యువునుండి దూరంగా కొన్ని తరాలుంచితే కొంత రంగు తిరిగి వచ్చేది. అక్షరం మారితే ఇట్లా మెల్లమెల్లగా వెనుకకు రాదు గదా! 1956లో ఆయన ఈ సంగతిని ప్రకటించినప్పుడు, ఈ మార్పుకు ఒక దిశ ఉన్నదనీ, వెనుకకు మరలే అవకాశమున్నదనీ వ్యాసపు పేరులోనే చెప్పినారు. రెండేళ్ళ తరువాత దీనికి పారామ్యుటేషన్ అని పేరు పెట్టినారు. 1959లో ఎడ్వర్డ్ కో అనే మరొక శాస్త్రజ్ఞుడు, మక్కజొన్నలోనే బి అనే జన్యువులో ఇంతకంటె చిత్రమైన సంగతి చూపినారు. రంగు తగ్గిన బి జన్యువు పక్కనున్న మంచి బి జన్యువును తనలాగ మార్చుతుంది. మారినది తన వంతు వచ్చినప్పుడు మరొకదానిని మార్చుతుంది. పాలలో తోడు వేసినట్లు! ఆ పెరుగే మరునాటి పాలకు తోడు.

ఆ కాలంలోనే బార్బరా మెక్లింటాక్ మక్కజొన్నలోనే మరొక అద్భుతాన్ని కనుగొన్నారు. క్రోమోసోములపై ఒక చోటినుండి మరొక చోటికి దూకే సంచార జన్యువులున్నాయని ఆమె 1940ల చివరినుండి చెప్పుతూ వచ్చినారు. ఆ జన్యువులు కొన్ని తరాలు నిద్రపోయి, మళ్ళీ మేలుకోవడం కూడ ఆమె గమనించినారు. ఆమెకు నోబెల్ బహుమానం 1983లో గాని రాలేదు. ఈ సంచార జన్యువులు మన కథలో మళ్ళీ వస్తాయి.

ఇంత స్పష్టమైన ప్రయోగాలను లోకం ఎందుకు పట్టించుకోలేదు? ఒక కారణం రసాయనిక ఆధారం లేకపోవడం. రెండవ కారణం శాస్త్రానికి సంబంధించినది కాదు. సోవియట్ రష్యాలో లైసెంకో అనే వ్యవసాయాధికారి, శీతకాలపు గోధుమ విత్తనాలకు చలి చూపించి వసంతకాలంలో చల్లే పద్ధతిని ప్రచారం చేసినాడు. అంతవరకు పేచీ లేదు. ఆ పిమ్మట చలి చూపిన గోధుమ తన స్వభావాన్నే మార్చుకొని, ఆ మార్పును సంతానానికి ఇస్తుందని వాదించినాడు. ప్రయోగాలతో నిరూపించలేకపోయినా, ప్రభుత్వ బలంతో నెగ్గినాడు. 1948 ఆగస్టులో జరిగిన సభలో మెండెల్ శాస్త్రం ఆ దేశంలో నిషిద్ధమైనది. అంతకు ముందే, ప్రపంచపు పంటల విత్తనాలను సేకరించిన మహానుభావుడు వావిలోవ్ 1943లో సరటోవ్ కారాగారంలో మరణించినాడు. ఆ తరువాత చాలాకాలం, పరిసరాల ప్రభావం వంశానికి ఎక్కుతుందని అన్నవారి నెల్లా పశ్చిమ దేశాల శాస్త్రజ్ఞులు అనుమానంతో చూచినారు. లైసెంకో ఒక దేశపు జన్యుశాస్త్రాన్ని పాడుచేసినాడు. ఇతర దేశాలలో ఒక మంచి ప్రశ్నను అడగకుండా చేసినాడు. రెండవ అపకారాన్ని గూర్చి మన పాఠ్యగ్రంథాలలో ఎవరూ వ్రాయరు.

గోధుమకు చలి గుర్తుంటుందనేది మాత్రం నిజమే. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీని మర్మం బయటపడినది. పూతను ఆపివుంచే జన్యువొకటి (దానిని ఎఫ్.ఎల్.సి. అంటారు) చలికాలం గడిచేకొద్దీ మూతపడుతుంది. డి.ఎన్.ఎ. చుట్టుకొనివుండే హిస్టోన్ ప్రొటీనులపై గుర్తులు పడి దానిని మూసివేస్తాయని 2004లో తేలినది. చలి పోయినా ఆ మూత ఊడదు. కణం ఎన్నిసార్లు విభజన చెందినా నిలిచివుంటుంది. అయితే విత్తనంలో పిండం తయారయ్యే సమయంలో ఆ గుర్తు పూర్తిగా చెరిగిపోతుంది. చెరగకపోతే, చలికి ముందే మొలచిన పిల్ల మొక్క చలికాలం గడిచిపోయినదనుకొని అకాలంలో పూస్తుంది. తన తల్లి చూచిన చలిని తాను చూచినట్లు భ్రమపడడం ఆ మొక్కకు ప్రాణాపాయం. లైసెంకో ఏ ఉదాహరణను పట్టుకొన్నాడో, ఆ ఉదాహరణలోనే ప్రకృతి జ్ఞాపకాన్ని పనిగట్టుకొని తుడిచివేస్తున్నది.

అవిసెల కథ చిన్నది, కాని ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినది. వేల్సు దేశంలో అబెరిస్ట్విత్ అనే ఊరి కళాశాలలో అలన్ డ్యూరంట్ అవిసె మొక్కలకు లేతవయసులో వేరువేరు ఎరువులు వేసి పెంచినారు. కొన్ని ఎరువులకు పెద్ద మొక్కలు, కొన్నిటికి చిన్న మొక్కలు వచ్చినవి. వింత ఏమిటంటే, తరువాతి తరాలను ఒకే రకపు నేలలో పెంచినా పెద్దవాటికి పెద్దవి, చిన్నవాటికి చిన్నవి పుట్టినవి. 1958లోను, సవిస్తరంగా 1962లోను ఆయన ఈ సంగతి ప్రకటించినారు. ఇది ఎపిజెనెటిక్స్‌కు గొప్ప ఉదాహరణ అని తొందరపడి అనేవారున్నారు. కాని ఆ రెండు వంశాల కణకేంద్రాలలోని డి.ఎన్.ఎ. పరిమాణమే వేరుగా ఉన్నదని 1960లలోనే తేలినది. అంటే అక్కడ మారినది చుక్కలు మాత్రమే కాదు, గ్రంథమే కొంత మారినది. పరిసరాలవల్ల కలిగి, వంశంలో నిలిచిన ప్రతి మార్పూ ఎపిజెనెటిక్ మార్పు కానక్కరలేదు.

ఇంతకూ చుక్క అంటే ఏమిటి? డి.ఎన్.ఎ.లోని నాలుగు క్షారాలలో సైటోసిన్ ఒకటి. దానికి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులుగల మిథైల్ సమూహం అతుక్కొంటుంది. మొక్కల డి.ఎన్.ఎ.లో ఇటువంటి మిథైల్ సైటోసిన్ విస్తారంగా ఉన్నదని 1950 ప్రాంతంలోనే తెలుసు. అది ఎందుకున్నదో తెలియదు. 1975లో ఇంగ్లండులో హాలిడే, పుగ్ అనేవారు, అమెరికాలో రిగ్స్ అనేవారు ఒకరితో నొకరికి సంబంధం లేకుండా ఒకే ఊహ చేసినారు. సైటోసిన్ ప్రక్క గ్వానిన్ ఉన్నచోట ఎదురు పోగులో కూడ సైటోసిన్, గ్వానిన్ జత తలక్రిందులుగా ఉంటుంది. కాబట్టి రెండు పోగులలోను గుర్తు పెట్టవచ్చు. డి.ఎన్.ఎ. రెండుగా విడిపోయి ప్రతులు తయారైనప్పుడు పాత పోగులో గుర్తుంటుంది, క్రొత్త పోగులో ఉండదు. పాతదానిని చూచి క్రొత్తదానికి గుర్తు పెట్టే ఎంజైము ఒకటి ఉంటే చాలు, గుర్తు ఎన్ని విభజనలకైనా నిలుస్తుంది. తరువాత అటువంటి ఎంజైములు జంతువులలోను, మొక్కలలోను దొరికినవి.

అయినా జంతువులకు, మొక్కలకు ఒక పెద్ద భేదమున్నది. పాలిచ్చే జంతువులలో ఈ గుర్తులు ఫలదీకరణం తరువాత ఒకసారి, బీజకణాలు తయారయ్యేటప్పుడు మరొకసారి చాలావరకు తుడిచివేయబడతాయి. పైగా వాటిలో బీజకణాలు పిండదశలోనే వేరుపడి, శరీరంతో సంబంధం లేకుండా భద్రంగా ఉంటాయి. వైజ్‌మన్ అనే జర్మన్ పండితుడు ఈ సంగతినే ఆధారం చేసుకొని, శరీరం ఆర్జించిన గుణాలు సంతానానికి పోవని 1880లలో వాదించినాడు. మొక్కకు అటువంటి ఏర్పాటు లేదు. పువ్వు కొమ్మ చివరి మొగ్గనుండి పుడుతుంది. నిన్నటివరకు ఆకులు వేసిన మొగ్గే నేడు పుప్పొడిని వేస్తుంది. ఎండనూ, చలినీ, పురుగునూ చూచిన కణాలే బీజకణాలకు పూర్వులౌతాయి. తుడిచివేత కూడ మొక్కలలో అంత సంపూర్ణంగా జరగదు. అందుచేత ఈ శాస్త్రానికి మంచి సాక్ష్యాలన్నీ మొక్కలనుండే వచ్చినవి.

మొట్టమొదటి సాక్ష్యం బేగంబజారులో దొరకని మొక్క. 1742లో స్వీడన్ దేశంలో ఉప్సాలా విద్యార్థి ఒకడు సముద్రతీరపు దీవిలో లినేరియా అనే మొక్కను చూచినాడు. సాధారణంగా దాని పువ్వు పాక్షిక సౌష్ఠవయుతం, అనగా ఎడమ కుడి సగాలు మాత్రమే ఒకదాని కొకటి సరిపోతాయి. అతడు చూచిన మొక్కలో పువ్వు చుట్టూ ఒకే తీరుగా, అయిదు తోకలతో, సంపూర్ణ సౌష్ఠవంతో ఉన్నది. లినేయస్ దానిని చూచి దిగ్భ్రాంతి చెంది, 1744లో దానిని వర్ణిస్తూ గ్రీకు భాషలో రాక్షసి అనే అర్థంగల పెలోరియా అనే పేరు పెట్టినాడు. దేవుడు సృష్టించిన జాతులు మారవని నమ్మినవానికి, విత్తనంద్వారా నిలిచే ఇటువంటి మార్పు రాక్షసమే. రెండువందల యాభై ఏళ్ళ తరువాత, 1999లో, పిలార్ క్యూబాస్, కోరల్ విన్సెంట్, ఎన్రికో కోయెన్ అనే ముగ్గురు దాని జన్యువును చదివినారు. పూవు పైభాగానికి రూపమిచ్చే జన్యువు పెలోరియాలో మూగబోయి ఉన్నది. దానిపై మిథైల్ గుర్తులు దట్టంగా పేరుకొని ఉన్నవి. కొన్ని కొమ్మలలో గుర్తులు తొలగిపోగా పువ్వు మామూలు రూపానికి వచ్చినది. ఈ పని జరిగినది ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో. 1910లో ఆ సంస్థకు మొదటి అధ్యక్షుడైనవాడు, కేళీ బటానీలతో తికమకపడిన బేట్‌సన్.

మక్కజొన్న చిక్కు విడిపోవడానికి మరికొంత కాలం పట్టినది. 1994లో జర్మనీ శాస్త్రజ్ఞులు పొగాకులో, ఆర్.ఎన్.ఎ. తనకు సరిపోలే డి.ఎన్.ఎ.పై మిథైల్ గుర్తులు పెట్టించగలదని చూపినారు. 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బౌల్కూంబ్ అనేవారు మొక్కలలో ఇరవై అయిదు అక్షరాల పొడుగుండే చిట్టి ఆర్.ఎన్.ఎ.లను కనుగొన్నారు. 2006లో విక్కీ చాండ్లర్ బృందం, కో గారి బి జన్యువు పక్కజన్యువును మార్చడానికి అవసరమైన ఎంజైమును పట్టుకొన్నారు, అది ఆర్.ఎన్.ఎ.కు ప్రతులు తీసే ఎంజైము. బి జన్యువుకు దాదాపు లక్ష అక్షరాల దూరంలో ఒకే వాక్యం ఏడుసార్లు వ్రాసివుంటుంది. అక్కడే ఆ మార్పు స్థానం. చిట్టి ఆర్.ఎన్.ఎ.లు ఒక జన్యువునుండి మరొక జన్యువుకు వార్త మోస్తున్నవన్నమాట. బ్రింక్‌గారి మాట చెల్లడానికి యాభై ఏళ్ళు పట్టినది.

ఈ చిట్టి ఆర్.ఎన్.ఎ.ల అసలు ఉద్యోగం మెక్లింటాక్‌గారి సంచార జన్యువులను కట్టడి చేయడం. అవి ఇష్టం వచ్చినట్లు దూకితే గ్రంథం చిందరవందర అవుతుంది. అందుచేత మొక్క వాటిపై గట్టిగా గుర్తులు వేసి నిద్రపుచ్చుతుంది. జన్యువులు మూగబోవడం చాలాసార్లు, ప్రక్కనున్న సంచారికి వేసిన సంకెల వీటికి కూడ తగులుకోవడమే.

ఇక ఆవాలు. ఆవజాతి అరబిడాప్సిస్‌లో జరిగిన ప్రయోగాలు లెక్కలేనన్ని. మూడు మాత్రం చెబుతాను. 2009లో, అక్షరాలు దాదాపు ఒకటే, గుర్తులు మాత్రం వేరువేరుగా ఉన్న వంశాలను తయారుచేసి చూడగా, పూతకాలం, మొక్క ఎత్తు వంటి గుణాలలో తేడాలు ఎనిమిది తరాలవరకు నిలిచినవి. 2011లో ముప్పై తరాలు పెంచిన వంశాలను చదివినవారు, గుర్తులు అక్షరాలకంటె వేలరెట్లు తరచుగా మారుతాయనీ, మారినవి తిరిగి వెనుకకు కూడ పోతాయనీ తేల్చినారు. 2012లో, గొంగళి పురుగులు తిన్న మొక్కల సంతానం పురుగును మరికొంత గట్టిగా ఎదిరించగలదనీ, చిట్టి ఆర్.ఎన్.ఎ.లు తయారుచేయలేని మొక్కలలో ఈ ఫలితం కనిపించలేదనీ చూపినారు. అది రెండు తరాల సంగతి.

దీనిని చూచి లామార్క్ గెలిచినాడని క్లాసులో చెప్పేవారున్నారు. అది సరికాదు. కష్టాల జ్ఞాపకాలు ఒకటి రెండు తరాలలో చెరిగిపోవడమే ఎక్కువ. 2006లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఫలితాన్ని 2009లో మరికొందరు అనేకరకాల బాధలతో పరీక్షించి, అది సర్వసాధారణం కాదన్నారు. వందల ఏళ్ళు నిలిచిన పెలోరియావంటి గుర్తులు పరిసరాలు నేర్పినవి అనుకోవడానికి ఆధారం లేదు. ఉత్పరివర్తనంలాగే అవి తమంతట తాము వచ్చినవిగా కనిపిస్తాయి. ఒక ఏడు నీళ్ళు లేక వాడిన చేని విత్తనం కరువుకు ఆగే రకమైపోదు. విత్తనం కొనే రైతుకు ఎవరైనా అట్లా చెప్పి అమ్మజూస్తే నమ్మవలసిన పని లేదు.

బేగంబజారుకు కొన్ని మైళ్ళ తూర్పున, ఉప్పల్ రోడ్డుమీద, సి.సి.ఎం.బి. అని మనం పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున్నది. అక్కడ ఇమ్రాన్ సిద్దిఖీ బృందం అరబిడాప్సిస్‌లో డయాడ్ అనే జన్యువును పరిశీలించినది. అది చెడిన మొక్కలలో కొన్ని అండాలు క్షయకరణ విభజన లేకుండా, తల్లి క్రోమోసోములన్నిటిని కలగాపులగం చేయకుండా అట్లాగే దాచుకొంటాయని 2008లో ప్రకటించినారు. ఆ వ్యాసంలో మొదటి పేరు రవి మారుతాచలం గారిది. ఆయన తరువాత కాలిఫోర్నియాలో సైమన్ చాన్‌తో కలిసి 2010లో చూపిన విషయం మన ప్రశ్నకు సూటిగా తగులుతుంది. కణవిభజనలో క్రోమోసోమును పట్టిలాగే స్థానాన్ని సెంట్రోమియర్ అంటారు. ఆ స్థానాన్ని నిర్ణయించేది అక్షరాల వరుస ఒక్కటే కాదు. అక్కడ ముందునుండి కూర్చొనివున్న ఒక ప్రత్యేక హిస్టోన్ ప్రొటీను. ఆ ప్రొటీనును మార్చిన మొక్కను మామూలు మొక్కతో సంకరం చేస్తే, పిండంలో మార్పుచెందిన మొక్కనుండి వచ్చిన క్రోమోసోములన్నీ జారిపోయి, రెండవదానివి మాత్రమే మిగిలిన మొక్కలు కొన్ని పుట్టినవి. అక్షరం కాని ఒక గుర్తు తరం దాటివచ్చి, మొత్తం క్రోమోసోముల బ్రతుకును నిర్ణయించినది. ఈ రెండు పరిశోధనలను జోడించి 2011లో హైదరాబాదు, కాలిఫోర్నియా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు, అచ్చంగా తల్లినే పోలిన విత్తనాలను, సంతానంలో మూడవవంతు వరకు, పొందగలిగినారు. సంకర విత్తనాన్ని ఏటేటా కొనవలసిన మన రైతుకు దీని అర్థమేమిటో చెప్పనక్కరలేదు.

పత్తిగింజల నూనె దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. మనం పండించే అమెరికన్ పత్తికి అడవి బంధువులున్నాయి. అవి పగలు తక్కువైన కాలంలోనే పూస్తాయి. సాగులోని పత్తికి ఆ నియమం లేదు. పూతకు సంబంధించిన ఒక జన్యువుపై అడవి పత్తిలో మిథైల్ గుర్తులున్నవనీ, సాగు పత్తిలో అవి పోయినవనీ 2017లో ప్రకటితమైనది. అడవి పత్తికి, సాగు పత్తికి మధ్య ఇట్లా గుర్తులు మారిన జన్యువులు 500 పైగా ఉన్నవట. పూర్వపు రైతులు విత్తనం ఏరుకొన్నప్పుడు అక్షరాలనే కాదు, తమకు తెలియకుండానే గుర్తులను కూడ ఏరుకొన్నారు.

చివరిది పామాయిలు. దేశం వాడుకొనే పామాయిలులో ఎక్కువభాగం మలేషియా, ఇండోనేషియాలనుండి వస్తుంది. మన దేశంలో పండేదానిలో అత్యధిక భాగం రెండు తెలుగు రాష్ట్రాలదే; ఏలూరు సమీపాన పెదవేగిలో దీనికి ప్రత్యేకంగా 1995లో జాతీయ పరిశోధన కేంద్రం నెలకొల్పినారు. ఈ చెట్టు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. వచ్చిన తరువాత పాతిక ముప్పై ఏళ్ళు ఉంటుంది. కాబట్టి మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే రైతుకు ఒక పంట నష్టం కాదు, ఒక తరం నష్టం.

చెట్టుకు, చెట్టుకు దిగుబడిలో చాలా తేడా ఉంటుంది. దీనికి కొబ్బరివలె ఒకే కాండం. పిలకలు రావు, అంటు కట్టడానికి వీలులేదు. అందుచేత మంచి చెట్టు కణజాలాన్ని గాజునాళికలలో పెంచి, వేలకొలది మొక్కలు తయారుచేయాలని 1970లలో ఇంగ్లండు, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రయత్నించి కృతకృత్యులైనారు. మలేషియాలో తోటలు వేసినారు. మొక్కలు చక్కగా పెరిగినవి. పూత వచ్చిన తరువాత చూస్తే కొన్ని చెట్లలో పువ్వులు వికృతంగా ఉన్నవి. కేసరాలు కావలసినవి ఫలదళాలవలె మారి, కాయచుట్టూ కండగల తొడుగులు లేచినవి. కాయకు దుప్పటి కప్పినట్లుండడంచేత ‘మాంటిల్డ్’ అన్నారు. ఈ లోపం తీవ్రంగా ఉన్న చెట్లలో గెలలు కుళ్ళి రాలిపోయేవి. 1986లో ఈ సంగతి సవిస్తరంగా ప్రకటితమై, పెద్ద ఎత్తున సాగవలసిన కార్యక్రమానికి పగ్గం వేసినది. చిత్రమేమంటే, ఒకే చెట్టునుండి వచ్చిన మొక్కలలో కొన్ని బాగుండేవి, కొన్ని చెడిపోయేవి. చెడిపోయినవాటిలో కొన్ని ఏళ్ళు గడచిన తరువాత వాటంతట అవే బాగుపడేవి. అక్షరదోషమైతే బాగుపడదు గదా! 2000లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, చెడిన మొక్కల డి.ఎన్.ఎ.లో మిథైల్ గుర్తులు మొత్తంమీద తగ్గివున్నవని గమనించినారు. కాని ఏ చోట తగ్గితే ఈ లోపం వస్తుందో దొరకలేదు.

అది 2015లో దొరికినది. మలేషియా పామాయిలు బోర్డువారు, అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మార్టియెన్సెన్ మొదలగువారు కలిసి మంచి, చెడు చెట్ల గుర్తులను పూర్తిగా చదివి పోల్చినారు. కేసరాలకు రూపమిచ్చే ఒక జన్యువు మధ్యలో ఒక సంచార జన్యువు వచ్చి కూర్చొని ఉన్నది. మంచి చెట్టులో దానిపై గుర్తులు దట్టంగా ఉండి అది నిద్రలో ఉంటుంది. అప్పుడు కేసరాల జన్యువును చదవడానికి అడ్డులేదు. గాజునాళికలలో పెరిగేటప్పుడు కొన్ని కణాలలో ఆ గుర్తులు జారిపోతాయి. అప్పుడు కణం ఆ సంచారిని కూడ కేసరాల జన్యువులో భాగమనుకొని, మధ్యలోనే వాక్యం తుంచివేస్తుంది.

ఆ సంచార జన్యువు పేరు కర్మ. పేరు పెట్టినవారు మనవారు కారు; వరిలో దానికి చుట్టమైన జన్యువును వర్ణించిన జపాను శాస్త్రజ్ఞులు 2003లో ఆ పేరు వాడినారు. 2015 వ్యాసకర్తలు ఒక మెట్టు ముందుకు పోయి, గుర్తులున్నదానిని గుడ్ కర్మ అనీ, లేనిదానిని బ్యాడ్ కర్మ అనీ అన్నారు. మనకు నవ్వు వస్తుంది గాని, పూర్వజన్మలో చేసినదానికి ఈ జన్మలో అనుభవమన్న అర్థాన్ని విద్యార్థులు ఇక్కడ వెతకరాదు. చెట్టు ఏ పాపమూ చేయలేదు. నాళికలో దానిని పెంచినవారు మనుషులు.

ఆకునుండి చిన్న ముక్క తీసి కర్మపై గుర్తులు ఎంతవరకు ఉన్నవో చూస్తే, ఆ మొక్క ముందు ముందు ఎట్లా కాస్తుందో చెప్పవచ్చునని ఆ వ్యాసంలోనే చూపినారు. మూడు నాలుగేళ్ళు నీళ్ళు పోసి, గెల వచ్చిన తరువాత గాని బయటపడని దోషం, ఇప్పుడు నర్సరీ సంచిలోని మొక్క ఆకులోనే కనిపిస్తుంది.